ఊపిరి లెక్కలు: శ్వాస చికిత్స చదివేవాళ్లకి ఎదురయ్యే అపోహలు, వాస్తవాలు

ఇంటర్లో బైపీసీ తీసుకుని, ఫిజిక్స్‌ని ఎలాగోలా గట్టెక్కించి వచ్చినవాళ్లకి రెస్పిరేటరీ థెరపీ మొదటి ఏడాది మింగుడుపడదు. బాయిల్, డాల్టన్, హెన్రీ అంటూ వాయువుల సూత్రాలు బట్టీపట్టి, పరీక్ష అయ్యాక వదిలేస్తారు. ఆక్సిజన్ పెట్టేటప్పుడు జరిగే పొరపాట్లు చాలావరకు ఆ వదిలేసిన చోటే పుడతాయి.

అపోహ: మే నెల ఉక్కపోతలో గాలిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, అందుకే ఊపిరాడదు.

కోనసీమలో ఈ మాట అనని ఇల్లుండదు. లెక్క వేసి చూద్దాం. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 760 మి.మీ. పాదరసం. డాల్టన్ నియమం ప్రకారం అందులో ప్రతి వాయువుకీ దాని వాటా ఉంటుంది. పొడిగాలిలో ఆక్సిజన్ వాటా 21 శాతం, అంటే సుమారు 160. 35 డిగ్రీల వేడిలో తేమ 80 శాతం ఉంటే నీటి ఆవిరే 34 మి.మీ. ఆక్రమిస్తుంది. మిగిలిన 726లో 21 శాతం 152. తగ్గినట్టే కనిపిస్తోంది కదా? కానీ ఏ గాలి పీల్చినా ముక్కు, శ్వాసనాళం దాన్ని 37 డిగ్రీలకు వేడిచేసి పూర్తిగా తడిపేస్తాయి. అక్కడ ఆవిరి వాటా ఎప్పుడూ 47. ఏసీ గది పొడిగాలైనా, అంతర్వేది తీరపు చెమ్మగాలైనా, లోపలికి చేరేసరికి 713లో 21 శాతమే, అంటే 150.

ఉక్కపోతలో పడే అవస్థ చెమట ఆరక, ఒళ్లు చల్లబడక వచ్చేది. ఆక్సీమీటర్ (వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పరికరం) 98 చూపిస్తున్న మనిషికి సిలిండర్ తగిలిస్తే ఒరిగేదేమీ లేదు. ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి తగిలేలా తిప్పితే ఆయాసం కాస్త నెమ్మదిస్తుంది.

ఈ 150 అనే అంకెని మరిచిపోకండి, కింద పనికొస్తుంది.

అపోహ: ఆక్సీమీటర్ 98 చూపిస్తే ఊపిరి బాగున్నట్టే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. ఈ 98 వెనక రెండు విషయాలు దాక్కోవచ్చు.

మొదటిది కార్బన్ డయాక్సైడ్. గాలితిత్తిలో (ఊపిరితిత్తుల్లోని చిన్న గాలిసంచిలో) ఆక్సిజన్ ఎంతుందో తెలియాలంటే 150లోంచి రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ పీడనాన్ని 0.8తో భాగించి తీసేయాలి. మామూలు మనిషికి 40 ఉంటుంది, 40ని 0.8తో భాగిస్తే 50, మిగిలేది 100. ఊపిరి మందగించి అది 80కి చేరితే మిగిలేది 50, ఆక్సీమీటర్ వెంటనే పట్టేస్తుంది. ఇప్పుడు అదే రోగికి 40 శాతం ఆక్సిజన్ పెట్టండి. 713లో 40 శాతం 285, అందులోంచి 100 పోతే 185. ఆక్సీమీటర్ 98కి ఎగబాకుతుంది, కార్బన్ డయాక్సైడ్ మాత్రం 80 దగ్గరే ఉంటుంది. రోగి మత్తుగా జోగుతుంటే ‘హాయిగా నిద్రపోతున్నాడు’ అనుకుంటారు. నిమిషానికి ఎన్ని ఊపిర్లు తీస్తున్నాడో గడియారం పెట్టుకుని లెక్కపెట్టాలి, పిలిస్తే పలుకుతున్నాడో లేదో చూడాలి, అనుమానం ఉంటే రక్త వాయువుల పరీక్ష చేయించాలి.

రెండోది హిమోగ్లోబిన్. భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువుల రైతులకి డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, గురించి చెప్పక్కర్లేదు. 30 డిగ్రీల మంచినీటిలో గాలి నుంచి కరిగే ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. వాయువుగా లెక్కేస్తే 100 మి.లీ. నీటికి అర మి.లీ. రక్తంలో కరిగి ఉండేది అంతకన్నా తక్కువ, 100 మి.లీ.కి 0.3 మి.లీ. పీడనాన్ని బట్టి వాయువు ద్రవంలో కరుగుతుందనే హెన్రీ నియమం చెరువుకైనా రక్తానికైనా ఒకటే. మనల్ని బతికిస్తున్నది హిమోగ్లోబిన్: ఒక్కో గ్రాము 1.34 మి.లీ. మోస్తుంది. 15 గ్రాములుంటే దాదాపు 20 మి.లీ. ఏడు గ్రాములే ఉన్న గర్భిణికి 98 శాతం దగ్గర కూడా 9 మి.లీ. పైచిలుకే. ఉన్న హిమోగ్లోబిన్ ఎంతమేరకు నిండిందో ఆక్సీమీటర్ చెబుతుంది, అసలు ఎంతుందో చెప్పదు.

1974లో జపాన్ ఇంజనీరు టకువో అవోయగి పట్టుకున్న కిటుకు మీదే ఈ పరికరం నడుస్తోంది: వేలిగుండా వెళ్లే కాంతిలో నాడితో పాటు కొట్టుకునే భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవడం. నాడి అందకపోతే అంకె నమ్మదగ్గది కాదు. చల్లబడ్డ వేళ్లు, చిక్కటి నెయిల్ పాలిష్, వణుకు దాన్ని తప్పుదారి పట్టిస్తాయి. ఇంట్లో పొగలో చిక్కుకున్న మనిషికి 98 చూపినా నమ్మకూడదు; కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ని కూడా అది ఆక్సిజన్ పట్టినట్టే చదువుతుంది.

అపోహ: ముక్కు గొట్టంలో నిమిషానికి 6 లీటర్లు పెడితే 44 శాతం ఆక్సిజన్ అందుతుంది.

ఈ 44 పుస్తకాల పట్టికలోది, నెమ్మదిగా ఊపిరి తీసే మనిషికి వేసిన అంచనా. అర లీటరు గాలిని ఒక సెకనులో పీల్చే మనిషి నిమిషానికి 30 లీటర్ల వేగంతో లాగుతున్నట్టు. గొట్టం నుంచి 6 వస్తే మిగతా 24 గదిగాలే. కలిపితే 37 శాతం, ముక్కు వెనక నిల్వ ఉండేది కొంత కలుపుకుంటే ఇంకాస్త ఎక్కువ. ఎగశ్వాసతో 60 లీటర్ల వేగంతో లాగేవాడికి అదే 6 లీటర్లు 29 శాతమే. అంటే ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ అందుతుంది. అలాంటివాళ్లకి సంచి ఉన్న మాస్కు 10 నుంచి 15 లీటర్లతో పెట్టాలి. ముందు సంచి నిండనివ్వాలి, ఊపిరి తీసినప్పుడు అది పూర్తిగా ముడుచుకోకూడదు. సంచి లేని మామూలు మాస్కుకి 5 లీటర్లకు తగ్గించొద్దు, వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారు. ఫ్లోమీటర్ (ఆక్సిజన్ ఎంత వేగంగా వస్తోందో చూపే గొట్టం) నిటారుగా ఉండాలి, కొలత బంతి మధ్యగీత దగ్గర చూడాలి.

అపోహ: సీఓపీడీ (శ్వాసనాళాలు ఏళ్ల తరబడి మూసుకుపోయే జబ్బు) రోగికి ఆక్సిజన్ పెడితే ఊపిరి ఆగిపోతుంది.

భయపడి ఆక్సీమీటర్ అంకెని 80 దగ్గర వదిలేయడం ఇంకా పెద్ద తప్పు. అతిగా ఇస్తే కార్బన్ డయాక్సైడ్ పెరిగే మాట నిజమే. అయితే మెదడు ఊపిరి మానేయడం దానికి ముఖ్య కారణం కాదు. గాలి సరిగా ఆడని భాగాలకి ముడుచుకున్న రక్తనాళాలు ఆక్సిజన్‌తో సడలి రక్తాన్ని అటు మళ్లిస్తాయి. ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ తన దగ్గరున్న కార్బన్ డయాక్సైడ్‌ని వదిలేస్తుంది. 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలు. 24 లేదా 28 శాతం వెంచురీ మాస్కు (గదిగాలిని లెక్కగా కలిపి ఇచ్చేది) ఇందుకే ఉంది. దాని పక్క కంతల్ని దుప్పటి మూసేస్తే గదిగాలి కలవక శాతం పెరిగిపోతుంది.

అపోహ: చిన్నపిల్లల గొంతు వాపు పెద్దవాళ్ల వాపు లాంటిదే.

గొట్టం వ్యాసార్థం తగ్గితే అడ్డు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పెద్దవాళ్ల 8 మి.మీ. దారిలో చుట్టూ 1 మి.మీ. వాస్తే అడ్డు మూడు రెట్లు. బిడ్డ 4 మి.మీ. దారిలో అదే వాపుకి పదహారు రెట్లు. ఉబ్బసంలో పిల్లికూతలు ఆగినా డొక్కలు ఎగరేస్తూనే ఉంటే అది తగ్గడం కాదు, కూత పుట్టేంత గాలి కూడా ఆడటం లేదు.

అపోహ: ఆక్సిజన్ సిలిండర్ వంటగ్యాస్ బండలాగా ఉన్నట్టుండి అయిపోతుంది.

బండలో ఉండేది ద్రవం, చివరిదాకా పీడనం పెద్దగా తగ్గదు. ఆక్సిజన్ నొక్కిపెట్టిన వాయువు కాబట్టి గేజి సగానికి పడితే సరుకూ సగమే. పీడనం, పరిమాణం లెక్క చెప్పే బాయిల్ సూత్రంతో ఇది తేలిక: గేజి అంకెని సిలిండర్ నీటి లీటర్లతో హెచ్చించి, ఫ్లోతో (నిమిషానికి వదిలే లీటర్లతో) భాగించాలి. 10 లీటర్ల బీ-టైప్ సిలిండర్ గేజి 60 కేజీలు (చదరపు సెం.మీ.కి, అంటే బరువు కాదు, పీడనం) చూపిస్తోంది అనుకోండి. 20 అత్యవసరానికి ఉంచితే 40 × 10 = 400 లీటర్లు. నిమిషానికి 4 లీటర్లు వాడితే 100 నిమిషాలు. వరదల్లో లంక ఊరి నుంచి పడవ మీద రోగిని దాటించేటప్పుడు, రేవు దగ్గర అంబులెన్సు కోసం ఆగే సేపు కూడా కలుపుకుని ఈ లెక్క బయల్దేరక ముందే వేయాలి.

కొబ్బరినూనె అంటిన చేతులతో వాల్వు ముట్టుకోవద్దు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే మంటలు లేవొచ్చు. వాల్వు నెమ్మదిగా తిప్పాలి.

అపోహ: నెబ్యులైజర్ పొగ ఎంత దట్టంగా వస్తే మందు అంత లోపలికి వెళ్తుంది.

కంటికి కనిపించే పొగ దట్టంగా ఉందా లేదా అన్నది కొలత కాదు. 1 నుంచి 5 మైక్రాన్ల తుంపరే ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది, అంతకన్నా పెద్దది గొంతులోనే ఆగిపోతుంది. నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల ఫ్లో, కప్పులో 4 మి.లీ. దాకా ద్రవం ఉండాలి. మందు తక్కువైతే సెలైన్ కలపాలి. డిస్టిల్డ్ వాటర్ కలిపితే ఉబ్బసం రోగికి శ్వాసనాళాలు ఇంకా బిగుసుకోవచ్చు. ఆ నీళ్లు ఆక్సిజన్‌కి తేమ చేర్చే హ్యూమిడిఫైయర్ సీసాకి, అదీ రెండు గీతల మధ్య వరకే.