ఈవో గారు పెద్దా, అర్చకస్వామి పెద్దా?

చిరంజీవులకు,

దేవస్థానం పాలన చూసే అధికారి ఈవో గారు పెద్దా, పూజ చేసే అర్చకస్వామి పెద్దా అని తిరుమల నుంచి రాగానే మీరడిగిన ప్రశ్న ఫోన్లో తేలేది కాదు. అందుకే రాస్తున్నాను.

జర్మనీలో మాక్స్ వెబర్ అని ఒక పెద్దాయన ఉండేవాడు. 1920లో పోయాడు. ఒకరు చెబితే పదిమంది ఎందుకు వింటారన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. దెబ్బలకు భయపడి వినడం వేరు, ‘ఈయనకు చెప్పే హక్కుంది’ అని మనసొప్పి వినడం వేరు. ఆ ఒప్పుదల మూడు దారుల్లో వస్తుందన్నాడు: తాతల నాటి ఆచారం, ఒక మనిషి మహిమ మీద గురి, రాసిపెట్టుకున్న చట్టం. దేవుడున్నాడా లేడా అన్న గొడవలోకి ఆయన దిగలేదు. మీ నానమ్మ కంగారు పడక్కర్లేదు!

గర్భగుడిలో మూలవిరాట్టును తాకి పూజ చేసేది వైఖానస అర్చకులే, అంటే వైఖానస ఆగమం ప్రకారం పూజ చేసే సంప్రదాయం వాళ్ళే. ఎంత పెద్ద ఐఏఎస్ అయినా ఆ పని చేయలేరు. అది ఆచారం. గుడి కైంకర్యాలు చూసే వైష్ణవ సన్యాసులు పెద్ద జీయర్, చిన్న జీయర్ స్వాములున్నారు కదా, ఆ ఏర్పాటు రామానుజులవారిదని చెబుతారు. మహిమ గల మనిషి వెళ్ళిపోయాక ఆ గురి ఒక పీఠానికో పదవికో చేరుతుందని వెబర్ అన్నది ఇలాంటి వాటి గురించే.

చట్టం కథ పెద్దది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈస్టిండియా కంపెనీయే గుడి వ్యవహారాలు చూసేది. 1843లో హథీరాంజీ మఠం మహంతులకు, అంటే ఆ మఠాధిపతులకు, అప్పగించింది. 1933లో దేవస్థానం కమిటీ వచ్చింది. అర్చకుల మిరాశీ, అంటే వంశపారంపర్య హక్కు, 1987 చట్టంతో పోయింది. వాళ్ళు సుప్రీంకోర్టుకెళ్ళారు. 1996లో కోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. పూజ మతానికి సంబంధించినదే, కానీ పూజారిని నియమించడం లౌకికమైన పని అంది. నాకు చాలా తెలివైన తీర్పనిపిస్తుంది, కానీ మిరాశీ కుటుంబాలకు అది ఎలా తగిలి ఉంటుందో కూడా ఆలోచించాలి.

కాబట్టి క్యూల దగ్గర, ఖర్చుల దగ్గర ఈవో గారి మాట. గర్భగుడి లోపల అర్చకస్వామి మాట. రగడంతా గడప మీద నిలబడే విషయాల్లోనే. 2018లో 65 ఏళ్ళు దాటిన అర్చకులు రిటైర్ కావాలని దేవస్థానం బోర్డు నిర్ణయించినప్పుడు అదే జరిగింది. ఉద్యోగి అనుకుంటే రిటైర్మెంట్ సబబే, వంశాచారం అనుకుంటే ఓపికున్నన్నాళ్ళూ సేవే. మీరు బోర్డులో ఉంటే ఏమనేవారో రాసి పంపండి.

ఆశీస్సులతో,
తాతయ్య