పొద్దున్నే అల్లం టీ, ఫ్రూట్ టీ: రోజూ వినే అపోహలు, వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లి వైపు డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది తెలుగువాళ్లే. ఐటీ ఉద్యోగాలు చేసే పిల్లలు, మనవల్ని చూసుకోవడానికి నెల్లూరు నుంచో కర్నూలు నుంచో వచ్చి ఉంటున్న పెద్దవాళ్లు. "పొద్దున లేవగానే ఏం తాగుతారు?" అని అడిగితే ఒకప్పుడు అందరూ కాఫీ అనేవాళ్లు. ఇప్పుడు అల్లం నీళ్లు, ఫ్రూట్ టీ అంటున్నారు. ఇవి మంచి పానీయాలే, నేనూ తాగుతాను. నా బాధంతా ఆ కప్పును నమ్ముకుని టిఫిన్, పండు, మాత్రలు వెనక్కి నెట్టేస్తున్నందుకే.

అపోహ: పొద్దున్నే అల్లం టీ తాగితే ఒంట్లో విషాలన్నీ కొట్టుకుపోతాయి, కొవ్వు కరుగుతుంది.

వాస్తవం: వ్యర్థాలను బయటకు పంపే పని కాలేయం, మూత్రపిండాలు రాత్రీపగలూ చేస్తూనే ఉంటాయి. వాటికి కావలసింది సరిపడా నీళ్లు. ఇక బరువు సంగతి. రెండు చెంచాల చక్కెర అంటే దాదాపు 40 కేలరీలు. రోజుకు మూడు కప్పుల పాల టీ తాగే మనిషి, వాటి బదులు చక్కెర లేని అల్లం నీళ్లు తాగితే ఒక్క చక్కెర రూపంలోనే 120 కేలరీల దాకా తగ్గుతాయి. బరువు తగ్గితే ఆ కారణంగానే తగ్గుతారు. కొవ్వును కరిగించే శక్తి అల్లానికి ఉందనుకుని మిగతా తిండి యథాతథంగా తింటే ఏ మార్పూ రాదు.

అపోహ: ఫ్రూట్ టీ తాగితే పండు తిన్నట్టే.

వాస్తవం: ఇది ఎక్కువగా చిన్నవయసు వాళ్ల నుంచి వింటాను. పీజీలో ఉండే ఒక అమ్మాయి పండ్లు కొనడం పూర్తిగా మానేసి, రోజుకు రెండు ఫ్రూట్ టీ బ్యాగులు వాడుతోంది. ఆ ప్యాకెట్ తెప్పించుకుని ఇద్దరం కలిసి చదివాం. ప్యాకెట్ మీద పదార్థాల పేర్లు బరువు ప్రకారం రాస్తారు, ఎక్కువ ఉన్నది ముందు. మొదటి పేరు హైబిస్కస్, తర్వాత ఎండు యాపిల్ ముక్కలు, చివర్లో ఫ్లేవర్. బొమ్మలో కనిపించే స్ట్రాబెర్రీ పేరు ఆ జాబితాలోనే లేదు.

హైబిస్కస్ అంటే మన పెరటి మందార అనుకుంటారు. టీలో వాడేది సాధారణంగా గోంగూర మొక్కదే, దాని కాయ చుట్టూ ఉండే కండగల ఎర్రటి రేకులు. ఆ రంగు, ఆ పులుపు అక్కడివే. అందుకే మనవాళ్లకు ఆ రుచి కొత్తగా అనిపించదు. తాగడానికి బాగుంటుంది, టీ ఆకు కలపకపోతే కెఫీన్ కూడా ఉండదు. కానీ పండులోని పీచు నీళ్లలోకి దిగదు. విటమిన్ సి కొంత ఎండబెట్టేటప్పుడే పోతుంది, కొంత వేడికి పోతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 100 గ్రాముల పండ్లు తినమంది. మడివాళ మార్కెట్లో దొరికే ఒక మాదిరి జామకాయతో ఆ లెక్క తీరిపోతుంది. 100 గ్రాముల జామలో విటమిన్ సి 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. ఆ అమ్మాయికి టీ మానమని చెప్పలేదు. జామకాయ తిను, టీ కూడా తాగు అన్నాను.

ఇంట్లో చేసుకునేవాళ్లు యాపిల్, కమలా ముక్కలు వేసి మరిగించి, ఆ ముక్కలు పారేస్తుంటారు. దయచేసి అవీ తినేయండి. ఒక జాగ్రత్త కూడా ఉంది. పుల్లటి ఫ్రూట్ టీ తాగిన వెంటనే పళ్లు తోమితే పంటి పైపొర అయిన ఎనామెల్ అరుగుతుంది. నోరు మంచినీళ్లతో పుక్కిలించి, అరగంట తర్వాత తోముకోండి. గంటల తరబడి గుటక గుటకగా తాగడం పళ్లకు ఇంకా చేటు.

అపోహ: తేనె, బెల్లం వేసుకుంటే షుగర్ ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు.

వాస్తవం: ఇబ్బందే. రెండూ రక్తంలో గ్లూకోజ్‌ను పెంచుతాయి. ఏడాది నిండని పసిపిల్లలకైతే తేనె నాకించడం కూడా ప్రమాదం.

అపోహ: అల్లం వేడి చేస్తుంది, కడుపుతో ఉన్నవాళ్లు ముట్టకూడదు.

వాస్తవం: వేవిళ్లతో వచ్చే వికారానికి అల్లం పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది. వాటిలో చాలావాటిలో ఇచ్చిన మోతాదు రోజంతటికీ కలిపి 1 గ్రాము శొంఠి పొడి. కాబట్టి కూరలో, పల్చటి టీలో వేసే అల్లానికి భయపడక్కర్లేదు. మందులా క్రమం తప్పకుండా తీసుకోవాలనుకుంటే మాత్రం మీ డాక్టర్‌కు చెప్పి తీసుకోండి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవాళ్లు కూడా అంతే. ఛాతీలో మంట ఉన్నవాళ్లకు ఖాళీ కడుపుతో ఘాటు అల్లం పడకపోవచ్చు.

ఇక్కడ మాటతో వచ్చే తికమక ఒకటుంది. కన్నడలో పచ్చి అల్లాన్ని కూడా శుంఠి అనే అంటారు. మన శొంఠి కావాలంటే 'ఒణ శుంఠి' అని అడగాలి. అల్లం ఎండినప్పుడు అందులోని జింజెరాల్ అనే ఘాటు పదార్థం కొంత షోగాల్‌గా మారుతుంది. అది మరింత ఘాటు. పచ్చి అల్లం కొలతలోనే శొంఠి పొడి వేసి "కడుపు మండిపోయింది మేడం" అంటూ వచ్చినవాళ్లు ఉన్నారు. కప్పుకు పావు చెంచా చాలు.

అపోహ: పాలు కలపని టీ కాబట్టి రక్తహీనత ఉన్నా ఎప్పుడైనా తాగొచ్చు.

వాస్తవం: రక్తం పట్టడానికి కావలసిన ఐరన్ ఒంటపట్టకుండా అడ్డుపడేవి టీ ఆకులోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు. పాలు తీసేసినా అవి ఎక్కడికీ పోవు. చాలా 'ఫ్రూట్' టీలలో గ్రీన్ టీయో బ్లాక్ టీయో కలిసి ఉంటుంది, చూసుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. నా దగ్గరకు నీరసమని వచ్చే ఆడవాళ్ల రిపోర్టులు చూస్తుంటే ఆ అంకె నాకు ఆశ్చర్యంగా అనిపించదు. వాళ్లు తోటకూర తింటున్నారు, పప్పు తింటున్నారు, రాగి సంకటి తింటున్నారు. తిన్న పది నిమిషాలకే అరుగుతుందని టీ ఆకు వేసిన అల్లం టీ తాగుతున్నారు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్ అసలే కొద్దిగా ఒంటపడుతుంది. దాన్నీ టీ సగంలో ఆపేస్తుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని పైన చెప్పిన మార్గదర్శకాల్లోనూ ఉంది. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఆ విటమిన్ సి ఐరన్ ఒంటపట్టడానికి సాయం చేస్తుంది.

అపోహ: పరగడుపున వేసుకునే మాత్ర అల్లం టీతో వేసుకుంటే ఇంకా మంచిది.

వాస్తవం: థైరాయిడ్ మాత్ర మంచినీళ్లతోనే వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ తీసుకోకూడదు. క్యాల్షియం, ఐరన్ మాత్రలకైతే నాలుగు గంటల ఎడం ఉండాలి. కొడుకు ఇంట్లో ఉంటున్న ఒక పెద్దావిడ ఏళ్ల తరబడి మాత్ర సరిగ్గానే వేసుకుంటున్నారు. అయినా రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పెరిగే అంకె) ఉన్నట్టుండి పెరిగింది. మోతాదు పెంచాలేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. "పొద్దున మాత్ర దేంతో వేసుకుంటారమ్మా?" అని అడిగాను. "ఇదివరకు నీళ్లతోనేనమ్మా. ఇక్కడ కోడలు ఓపికగా అల్లం టీ పెట్టిస్తోంది, దాంతో గొంతులోకి సులువుగా దిగుతోంది" అన్నారు. డాక్టర్‌తో మాట్లాడాం. ఆయన మోతాదు మార్చకుండా, మాత్ర వేసుకునే పద్ధతి మార్చి ఆరు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించమన్నారు. ఇప్పుడు కోడలు రాత్రే అత్తగారి మంచం పక్కన నీళ్ల సీసా, మాత్రల డబ్బా పెట్టి పడుకుంటోంది. ఐదున్నరకు మాత్ర, ఏడింటికి అల్లం టీ.