ఓఆర్‌ఎస్‌: చెన్నై ఇళ్ళలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: విరేచనాలప్పుడు తాగించే ఉప్పు, చక్కెర ద్రావణమైన ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు రుచి కోసం, నీరసం పోవడం కోసం.

వాస్తవం: సోడియంను పేగు గోడ దాటించడం కోసం. కణత్వచం కొవ్వు పొర. సోడియం గానీ గ్లూకోజు గానీ దానిలోంచి తమంతట తాము దూరలేవు. చిన్నపేగు కణాల మీద ఎస్‌జీఎల్‌టీ1 అనే వాహక ప్రోటీను ఉంటుంది. రెండు తాళంచెవులు పడితేనే తెరుచుకునే బ్యాంకు లాకరులాంటిది. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజు అణువు వచ్చి అతుక్కుంటేనే అది రూపం మార్చుకుని వాటిని లోపలికి వదులుతుంది. కణానికి అవతలి వైపున్న పంపు కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టి, మూడు సోడియం అయాన్లను బయటికి తోడి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. అలా కణంలో సోడియం ఎప్పుడూ తక్కువగా ఉంటుంది కాబట్టే పేగులోని సోడియం లోపలికి ఉరుకుతూ గ్లూకోజునూ లాక్కొస్తుంది. ఆ రెండింటి వెనకే నీరు వస్తుంది. ఉప్పు నీళ్ళు మాత్రమే తాగిస్తే ఈ దారి తెరుచుకోదు.

కలరా విషం క్లోరైడు ద్వారాలను బార్లా తెరిచి పేగులోకి నీరు కుమ్మరింపజేస్తుంది, కానీ ఎస్‌జీఎల్‌టీ1 జోలికి పోదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఈ ద్రావణం తాగించి వేలమందిని కాపాడగలిగింది అందుకే.

అపోహ: చిక్కగా కలిపితే త్వరగా పనిచేస్తుంది.

వాస్తవం: వీటన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. లీటరులో సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోల్స్, కరిగిన పదార్థాలన్నీ కలిపి మొత్తం గాఢత 245 మిల్లీఆస్మోల్స్ ఉండాలి. పాత సూత్రంలో 311 ఉండేది, 2002లో తగ్గించారు. గాఢత పెరిగితే రక్తంలోని నీరే పేగులోకి వచ్చేస్తుంది, విరేచనాలు ఎక్కువవుతాయి. లీటరు పొట్లాన్ని గ్లాసులో కలిపి పట్టిస్తే పసిబిడ్డ రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ రావచ్చు. పొట్లం మీద లీటరని ఉందా, 200 మిల్లీలీటర్లని ఉందా చూసి, కొలిచిన నీళ్ళలో మొత్తం పొట్లం ఒకేసారి కలపాలి. క్యాను నీళ్ళైనా కాచి చల్లార్చాకే వాడాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లం దొరక్కపోతే లీటరు నీటికి ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు. ఐదు మిల్లీలీటర్ల చెంచాతో, తలగొట్టి కొలవాలి.

కూల్‌డ్రింకులు, టెట్రాప్యాకు జ్యూసులు దీనికి బదులు కావు: చక్కెర మరీ ఎక్కువ, సోడియం మరీ తక్కువ. ఇలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్‌ అన్న మాట వాడొద్దని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది.

అపోహ: బోండాం నీళ్ళు చాలు.

వాస్తవం: పొటాషియం బాగుంటుంది, సోడియం చాలదు. ఉప్పు వేసిన గంజి నయం. పిండిపదార్థం పేగులో గ్లూకోజుగా విడిపోతుంది.

అపోహ: వాంతి చేసుకుంటే ఆపేయాలి.

వాస్తవం: పది నిమిషాలు ఆగి, చెంచాతో కొంచెం కొంచెంగా మళ్ళీ మొదలుపెట్టాలి. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ళలోపు పిల్లలకు 50 నుంచి 100, పదేళ్ళలోపు వారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి. బిడ్డ మగతగా పడి ఉన్నా, ఏమీ తాగలేకపోతున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

అపోహ: షుగరున్న వాళ్ళు తాగకూడదు.

వాస్తవం: 200 మిల్లీలీటర్లలో గ్లూకోజు 2.7 గ్రాములే. వాళ్ళకు ఒంట్లో నీరు తగ్గడమే పెద్ద ముప్పు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్రలు మూత్రపిండంలో ఇలాంటిదే అయిన ఎస్‌జీఎల్‌టీ2 అనే వాహక ప్రోటీనును అడ్డుకుని మూత్రంలో చక్కెరనూ నీటినీ పోగొడతాయి. వాంతులు, విరేచనాలు ఉండగా వాటిని వేసుకుంటే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగవచ్చు. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేసి, మాత్ర ఆపాలా అని అడగండి. ఇన్సులిన్ మాత్రం సొంతంగా మానేయకండి.