మన్యంలో డోలీ మోతలు ఎందుకు ఆగడం లేదు?

వానాకాలం వచ్చిందంటే ఉత్తరాంధ్ర పత్రికల జిల్లా పేజీల్లో ఒక డోలీ ఫొటో తప్పదు. బలమైన కర్రకు దుప్పటి కట్టి, అందులో నిండు గర్భిణిని కూర్చోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోస్తూ గెడ్డ (కొండవాగు) దాటుతుంటారు. పక్కనే మరో ఇద్దరు ముగ్గురు ఖాళీ చేతులతో నడుస్తుంటారు. వాళ్లు భుజం మార్చుకోవడానికి వచ్చినవాళ్లు. ఊళ్లో మగవాళ్లు కూలి పనులకు వలస పోయిన రోజుల్లో ఆ నలుగురైదుగురు దొరకడమే కష్టం.

కొండలు కదా, ఏం చేస్తాం అని మైదానంలో ఉన్నవాళ్లం సర్దిచెప్పుకుంటాం. కానీ ఆ కొండల మీదికి రోడ్లు అసలు వెళ్లలేదని కాదు. ఎవరి అవసరం కోసం వెళ్లాయో చూడాలి.

గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను 1839లోనే బ్రిటిష్ ప్రభుత్వం మామూలు చట్టాల నుంచి వేరుచేసి, కలెక్టరునే ఏజెంటుగా, అంటే తన ప్రతినిధిగా పెట్టి అతని చేతికిచ్చింది. మన్యం జ్వరానికి (మలేరియాకు) భయపడి అధికారులు కొండెక్కడానికే జంకేవారు. అయినా అడవి మీద పట్టు కావాలంటే దారి ఉండాలి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ 1920ల మొదట్లో నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించాడు, అదీ గిరిజనుల చేత, సరైన కూలి ఇవ్వకుండా. అల్లూరి సీతారామరాజు మనుషులు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడటానికి ముందు రగిలిన కోపంలో ఆ రోడ్డు పని కూడా ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక మాచ్‌ఖండ్, సీలేరు కరెంటు ప్రాజెక్టులకు దారులు పడ్డాయి. రోగి కోసమని వేసిన రోడ్డు మాత్రం ఆ రోజుల్లో వెతికినా కనపడదు.

తర్వాత వచ్చింది తలల లెక్క. మైదానంలో 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉంటే, గిరిజన ప్రాంతంలో 3,000 మందికే ఒకటి ఇవ్వాలన్నది ప్రభుత్వ నియమం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికైతే 30,000 బదులు 20,000. కాగితం మీద మంచి సడలింపే. అయితే మైదానంలో 3,000 మంది ఒక్క ఊళ్లోనే ఉంటారు. మన్యం మండలాలైన ముంచంగిపుట్టులోనో పెదబయలులోనో అదే 3,000 మంది ఇరవై ముప్పై గడపల చొప్పున ఎన్నో కొండల మీద చెదిరి ఉంటారు. ఉపకేంద్రంలో పనిచేసే నర్సు (ఏఎన్ఎం) టీకాల పెట్టె భుజాన వేసుకుని ఒక కొండ ఎక్కి దిగేసరికి పొద్దు గూకుతుంది. ఆ నడక ఏ నియమంలోనూ లేదు.

రోడ్ల విషయంలోనూ ఇదే తంతు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానంలో 500 జనాభా ఉన్న ఆవాసాలకు, గిరిజన, కొండ ప్రాంతాల్లో 250 ఉన్నవాటికి రోడ్డు వేయాలన్నారు. ముప్పై ఇళ్ల గూడెం ఆ లెక్కకు అందదు. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకంలో ఈ సంఖ్యను 100కి తగ్గించారు, కానీ అది గదబ, పోర్జ, కొండరెడ్డి వంటి ప్రత్యేకంగా గుర్తించిన తెగలకే.

అంతకన్నా విచిత్రం అనకాపల్లి జిల్లాలో ఉంది. రోలుగుంట, రావికమతం, దేవరాపల్లి మండలాల్లో ఆదివాసులు కొండల మీదే ఉంటారు. కానీ ఆ గ్రామాలు గిరిజన ప్రాంతాలను గుర్తించే రాజ్యాంగ అయిదో షెడ్యూలు గీతకు బయట పడ్డాయి. గీత లోపల ఉన్నవారికి దక్కే ప్రత్యేక నిధులు, హక్కులు వీళ్లకు అందవు. డోలీ మాత్రం ఇద్దరికీ ఒకటే. రోడ్డు అడిగితే అటవీ శాఖ అనుమతి లేదన్న మాట కూడా తరచూ వినపడుతుంది. గ్రామసభ ఒప్పుకుంటే రోడ్డుకో ఆస్పత్రికో హెక్టారు లోపు అటవీ భూమి తీసుకోవచ్చని 2006 అటవీ హక్కుల చట్టమే చెబుతోంది, కొన్ని పరిమితులతో.

108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న వచ్చింది. మన్యానికి అది గొప్ప మేలే చేసింది, కానీ రోడ్డు ఆగిన చోట అదీ ఆగిపోతుంది. అసలు దానికి ఫోన్ చేయాలంటే ముందు సిగ్నల్ దొరికే గట్టు ఎక్కాలి. 2018లో తెచ్చిన బైక్ అంబులెన్సులకైనా చక్రం ఆడే దారి ఉండాలి కదా.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పెద్ద ఆపరేషన్లకు బిల్లు కట్టే బాధ తప్పింది. అయితే ఆ ఆస్పత్రుల్లో ఎక్కువ భాగం విశాఖలో ఉన్నాయి. పాడేరు నుంచే ఘాట్ రోడ్డు దిగి వంద కిలోమీటర్లు దాటి రావాలి. తోడు వచ్చినవాళ్ల తిండి, బస్సు చార్జీలు, కాఫీ పళ్లు కోసే రోజుల్లో పోయిన కూలి ఏ కార్డులోనూ కవర్ కావు. జబ్బు చేస్తే ముందు దిసారి (గిరిజనుల నాటు వైద్యుడు) దగ్గరికే ఎందుకు పోతారని విసుక్కునేవాళ్లు ఈ ఖర్చు ఒకసారి లెక్క వేయాలి. దిసారి పక్క గూడెంలోనే ఉంటాడు, ఆ రాత్రికే వస్తాడు.

ఈ మొత్తంలో నాకు తెలివైన పనిగా కనిపించింది సాలూరులో పెట్టిన గిరిశిఖర గర్భిణుల వసతి గృహం. నెప్పులు వచ్చాక మోసుకొచ్చే బదులు, నెలలు నిండకముందే కొండ దింపి, తిండి పెట్టి, కాన్పు దాకా చూసుకోవడం. రోడ్డు వచ్చేదాకా ఆగనక్కర్లేని ఉపాయం. ఇంటి దగ్గర పెద్ద పిల్లలను ఎవరు చూడాలి అన్న చిక్కు ఉంది కాబట్టి అందరూ రాలేరు, ఆ మాట వేరు.

2022 ఏప్రిల్‌లో పాడేరు జిల్లా కేంద్రమైంది, 2024లో అక్కడ మెడికల్ కాలేజీ మొదలైంది. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ‘అడవితల్లి బాట’ పేరుతో మన్యం రోడ్ల పనులకు శంకుస్థాపన చేశారు. వాటిలో ఎన్ని రోడ్లకు గెడ్డల మీద కల్వర్టులు కడతారన్నది చూడాలి. తారు ఎంత నల్లగా ఉన్నా, జూలైలో గెడ్డ పొంగితే అంబులెన్సు అవతలి ఒడ్డునే నిలబడిపోతుంది.