ఎడమ చేతి గంతులు

స్ట్రైడ్ పియానో (ఎడమ చెయ్యి అడుగు స్వరానికీ మధ్య స్వరాలకీ గంతులేసే జాజ్ వాయింపు) వీడియో ఒకటి పంపించి, "ఈయన జనంతో కబుర్లాడుతూ వాయిస్తున్నాడు, ఎడమ చెయ్యి గురి తప్పదేం?" అని అడిగారో పాఠకుడు. జాజ్ పుట్టుక గురించి వేరేచోట చదువుకోవచ్చు. మనం ఆ ఎడమ చెయ్యి దగ్గరే ఆగుదాం.

1920ల్లో న్యూయార్క్ హార్లెంలో అద్దె డబ్బుల కోసం ఇంట్లోనే పార్టీ పెట్టి, వచ్చినవాళ్ల దగ్గర ఇంత అని తీసుకునేవారు. పియానో ఒకటి, గది నిండా డాన్సు చేసేవాళ్లు. జేమ్స్ పి. జాన్సన్, ఫ్యాట్స్ వాలర్ లాంటివాళ్లు రాటుదేలింది అక్కడే. డ్రమ్ము పని కూడా ఎడమ చేతిదే: ఒకటో బీటుకి, మూడో బీటుకి అడుగున మంద్రస్వరం, రెండుకి, నాలుగుకి ఎగిరొచ్చి మధ్యలో కార్డ్, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి. మన హార్మోనియంలో ఎడమ చెయ్యి గాలి కొట్టడంతోనే సరి, అందుకే ఈ కష్టం మనకు చప్పున తట్టదు.

నిమిషానికి 200 బీట్లనుకోండి. ఒక్కో గంతుకి 0.3 సెకను. తెల్లమెట్టు వెడల్పు సుమారు 2.35 సెంటీమీటర్లు, తొమ్మిది మెట్లు దూకితే 21.

తొక్కుడు బిళ్ళలో గడి దూరమైతే దూకడం ఆలస్యం, ఇరుకైతే ఇంకా ఆలస్యం. 1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు దీన్నే లెక్కలో పెట్టాడు. దూరాన్ని రెట్టింపు చేసి గడి (ఇక్కడ మెట్టు) వెడల్పుతో భాగించి, రెండు ఆధారంగా లాగరిథం తీస్తే గంతు ఎంత కష్టమో బిట్లలో, అంటే సమాచారాన్ని కొలిచే ప్రమాణంలో, వస్తుంది. మనకు 4.2 వచ్చింది. ఆయన ప్రయోగంలో మనుషుల వేగం సెకనుకి దాదాపు 10 బిట్లు. అంటే 0.42 సెకను కావాలి. పియానిస్టు చేతిలో ఉన్నది 0.3!

మరెలా? తొక్కుడు బిళ్ళలో ఆరితేరిన పిల్లని చూడండి. ఒళ్లు కదలకముందే కాలు చాపుతుంది, రెండు గంతుల్ని ఒకే ఊపులో కలిపేస్తుంది. ఇక్కడా అంతే. చిటికెనవేలు అడుగు స్వరానికి చాచుకుంటే మణికట్టు తిరిగే దూరం తగ్గుతుంది. కార్డ్‌కి కావలసిన వేళ్ల అమరిక గాల్లోనే సిద్ధమవుతుంది. పైగా ఈ గళ్లు ఏ ఇంటి పియానోలోనైనా దాదాపు ఒకే కొలత, నల్లమెట్లు రెండు, మూడు గుంపులుగా వేళ్లకు తగులుతూ దారి చెబుతాయి. కళ్లతో పనిలేదు, కబుర్లాడుకోవచ్చు.

పూర్వజన్మ సుకృతం అనేవాళ్లకి ఒక మాట. జాన్సన్ కట్టిన 'కారొలైనా షౌట్'ని జాజ్ పియానిస్టు డ్యూక్ ఎలింగ్టన్ నేర్చుకున్నది పియానో రోల్‌ని (పియానో తనంతట తానే వాయించేలా చిల్లులు పొడిచిన కాగితపు చుట్టని) మెల్లగా తిప్పి, వాటంతటవే దిగే మెట్లను చూసి. మన సంగీతం మాస్టార్లు సరళీస్వరాలు మొదటి కాలంలో పాడించేదీ ఇందుకే. తొందరపెట్టే తల్లిదండ్రులకిది ఎక్కదు.

ఇంత దూరం దూకేది చాలక, అడుగున రెండు స్వరాలు కలిపి కొట్టేటప్పుడు వాటినీ ఎడంగా పెడతారు. 65 హెర్ట్జ్ 'సి' పక్కన 82 హెర్ట్జ్ 'ఇ' వాయిస్తే, తేడా 17 మాత్రమే కాబట్టి చెవి రెంటినీ విడదీయలేదు, గరగరలాడుతుంది. అదే 'ఇ'ని ఒక ఆక్టేవ్ (స్థాయి) పైన, 165 దగ్గర పట్టుకుంటే శుభ్రంగా వినిపిస్తుంది. వాలర్ పెద్ద చేతులకి అది తేలికే. అందనివాళ్లు రెంటినీ ఒకదాని వెంట ఒకటి దొర్లిస్తారు. పై స్వరం బీటు మీద పడాలంటే కిందిది కాస్త ముందే పట్టుకోవాలి. ఉన్న 0.3 సెకనులో ఇంకో కోత.