గోదారి లేని దేశానికి వెళ్తున్న పిల్లలకు

చి. అమ్ములుకి, చి. చిన్నుకి,

రాజమండ్రి నుంచి అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ అక్కడ క్షేమమని తలుస్తాను.

సెలవులకి మీరంతా మెక్సికోలోని కాంకూన్ వెళ్తున్నారనీ, అందులో ఒక రోజు గైడుతో చిచెన్ ఇట్జా అనే మాయా జాతి వాళ్ల పాత పట్నం చూసి, దారిలో సెనోటే అనే నీటి గుంటలో ఈత కొట్టి వస్తారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. టూరు వాళ్లిచ్చిన కార్యక్రమం కూడా నాకు పంపింది. పొద్దున పిరమిడ్, తర్వాత భోజనం, ఆ తర్వాత ఈత. చదువుతుంటే పొద్దున పాఠం, సాయంత్రం ఆట అన్నట్టుంది. మీరు మాత్రం అలా అనుకుని వెళ్లకండి. నీళ్లు అక్కడున్నాయి కాబట్టే ఊరు అక్కడ వెలిసింది. ఊరుంది కాబట్టే పిరమిడ్ లేచింది. ఈ సంగతి తెలిసి వెళ్తే ఆ రోజంతా మీకు ఒకే కథగా కనపడుతుంది. మేమూ ఒకప్పుడు అదంతా చూసొచ్చాం, అందుకే ఈ పొడుగు ఉత్తరం.

మనం గోదారి ఒడ్డు వాళ్లం. ఏరున్నచోటే ఊరుంటుందని చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగాం. మీరు వెళ్లే యుకటాన్ ద్వీపకల్పంలో ఉత్తర భాగమంతా తిరిగినా మీకు ఒక్క ఏరు కనపడదు. వాగూ లేదు, వంకా లేదు. వానలు మాత్రం బాగానే పడతాయి. ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయంటే నేల కిందకి. అక్కడ నేలంతా సున్నపురాయి. చాలాచోట్ల దాని మీద మట్టి జానెడు కూడా ఉండదు. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది. అది సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. ఏళ్లూ పూళ్లూ అలా కరిగి కరిగి లోపల గుహలు, సొరంగాలు ఏర్పడ్డాయి. ఎక్కడైనా గుహ పైకప్పు కూలి, అడుగునున్న నీళ్లు బయటికి కనపడితే అదే సెనోటే. మీ అమ్మ చిన్నప్పుడు తనని అరకు దగ్గర బొర్రా గుహలకి తీసుకెళ్లాం. అక్కడా సున్నపురాయే, అక్కడా నీళ్లు చేసిన పనే. కావాలంటే మీ అమ్మని అడగండి, గుహ కప్పు నుంచి వేలాడే రాతి కొమ్ములు చూసి భయపడి తాతగారి భుజం దిగనే లేదు.

కొన్ని సెనోటేలు పూర్తిగా ఆకాశానికి తెరుచుకుని ఉంటాయి. కొన్నిటికి సగం కప్పు మిగిలి ఉంటుంది. ఇంకొన్నిటికి పైన ఒక చిన్న కన్నం, అందులోంచి దిగే ఎండ పట్టీ తప్ప మరో వెలుతురు ఉండదు. అడుగున ఇవి ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. తులుం ఊరి దగ్గర సాక్ ఆక్తున్ అనే నీటి గుహకీ, దోస్ ఓహోస్ అనే గుహకీ దారి ఉందని 2018లో డైవర్లు కనిపెట్టారు. రెండూ కలిపితే దాదాపు 347 కిలోమీటర్లు తేలింది. గోదారి కంటికి కనపడేలా పారుతుంది, వాళ్ల నీళ్లు కాళ్ల కింద పారతాయి, అంతే తేడా.

ఇంకో విషయం చెప్పకుండా ఉండలేను. 6.6 కోట్ల ఏళ్ల కిందట ఒక పెద్ద ఉల్క వచ్చి పడింది ఆ ద్వీపకల్పపు ఉత్తర అంచునే. చిక్షులూబ్ అని ఇప్పుడక్కడ ఒక ఊరుంది. దాదాపు 180 కిలోమీటర్ల వెడల్పున గొయ్యి పడింది, డైనోసార్లు పోయాయి. ఆ గొయ్యి ఇప్పుడు సున్నపురాయి కింద పూడిపోయి ఉంది. కానీ దాని అంచు వెంబడి రాయి బలహీనపడి, సెనోటేలు వరసగా ఒక వంపులో ఏర్పడ్డాయి. మీరు వెళ్లే చిచెన్ ఇట్జా ఆ వంపులోది కాదు, ఇంకా తూర్పున ఉంది. ఇంచుమించు అదే కాలంలో మన దక్కన్‌లో లావా పొంగింది. దాని కొస మన రాజమండ్రి దాకా వచ్చింది. కాతేరు, పంగిడి క్వారీల్లో మీరు చూసిన ఆ నల్లరాయి అదే! డైనోసార్లు పోవడంలో ఉల్క వాటా ఎంత, లావా వాటా ఎంత అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ కేసులో ఒక ముద్దాయి మీరు వెళ్లే చోట, ఇంకొక ముద్దాయి మన ఊళ్లో.

ఇక చిచెన్ ఇట్జాలో కాలు పెట్టగానే కనపడేది కుకుల్కాన్ పిరమిడ్. కుకుల్కాన్ అంటే మాయా వాళ్ల ఈకల పాము దేవుడు. నాలుగు వైపులా ఒక్కో వైపు 91 మెట్లు, పైన వేదిక ఒక మెట్టు. కూడండి, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని వస్తాయి. మార్చిలో, సెప్టెంబరులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో సాయంత్రపు ఎండ ఉత్తరం మెట్ల పిట్టగోడ మీద త్రిభుజాలుగా పడి, పై నుంచి పాకుతూ వచ్చి అడుగునున్న రాతి పాము తలని కలుస్తుంది. మీరు వెళ్లేది డిసెంబరులో కాబట్టి అది చూడలేరు. కానీ చప్పట్ల సంగతి ఏ రోజైనా వినొచ్చు. ఆ మెట్లకి ఎదురుగా నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. తిరిగొచ్చేది చప్పట శబ్దం కాదు, పిట్ట కూత. ఒక్కో మెట్టూ శబ్దాన్ని విడివిడిగా వెనక్కి పంపుతుంది. పై మెట్ల నుంచి వచ్చేవి ఎక్కువ ఎడంతో వస్తాయి కాబట్టి కూత చివరికొచ్చేసరికి కిందకి జారుతుంది. అక్కడి వాళ్లు దాన్ని కెట్సాల్ పిట్ట కూత అంటారు. చిన్నూ, నువ్వు పదిసార్లు కొడతావని నాకు తెలుసు, కొట్టు.

పైకి ఎక్కడం మాత్రం కుదరదు. 2006లో ఒకావిడ జారిపడి చనిపోయారు, ఆ తర్వాత ఎక్కనివ్వడం మానేశారు. మంచి పనే చేశారు. లక్షల కాళ్లు తొక్కితే రాయి మాత్రం ఎన్నాళ్లు ఉంటుంది!

ఇక్కడే నీళ్ల కథ మళ్లీ వస్తుంది. 2015లో మెక్సికో విశ్వవిద్యాలయం వాళ్లు పిరమిడ్ చుట్టూ నేలలోకి కరెంటు పంపి పరీక్షిస్తే, సరిగ్గా దాని అడుగున నీళ్లతో నిండిన గుహ ఉన్న ఆనవాళ్లు కనపడ్డాయి. అంటే అంత బరువు కట్టడాన్ని నీళ్ల నెత్తిన నిలబెట్టారు. ఊళ్లో పైకి కనపడే పెద్ద సెనోటేలు రెండు. ష్తోలోక్ అనేది తాగునీటిది. రెండోది ఉత్తరాన, పిరమిడ్ నుంచి తెల్లటి రాతిబాట వేసుకుని నడిచి వెళ్లినది. వానదేవుడు చాక్‌కి మొక్కులు చెల్లించేది అక్కడే. దాదాపు 60 మీటర్ల వెడల్పు గుండ్రటి గొయ్యి, చుట్టూ నిటారు గోడలు, ఎక్కడో అడుగున ఆకుపచ్చటి నీళ్లు. అందులో ఈత కొట్టనివ్వరు. ఎడ్వర్డ్ థాంప్సన్ అనే అమెరికన్ ఆ భూమి కొని, గత శతాబ్దం మొదట్లో యంత్రంతో అడుగంతా తోడి, బంగారు రేకులూ పచ్చరాళ్లూ సాంబ్రాణి ముద్దలూ మనుషుల ఎముకలూ తీసి చాలా భాగం హార్వర్డ్ మ్యూజియానికి పంపేశాడు. తర్వాత కొన్ని మాత్రం తిరిగి మెక్సికో చేరాయి. వాళ్ల మొక్కులు వాళ్ల నీళ్లలో ఉండాల్సినవి, అమెరికాలో అద్దాల బీరువాల్లో ఉండటం నాకు నచ్చలేదు.

ఇక్కడికి రాగానే చాలామంది గైడ్లు పెళ్లికాని ఆడపిల్లల్ని ఆ నీళ్లలో తోసేవారని చెప్తారు. వినండి, కానీ నమ్మేయకండి. ఆ నీళ్లలో దొరికిన ఎముకలు మగవాళ్లవీ ఆడవాళ్లవీ పిల్లలవీ కూడా. ఈ సెనోటే దగ్గర్లోనే 1967లో ఒక భూగర్భ గదిలో చిన్నపిల్లల ఎముకలు దొరికాయి. వాటిలో 64 మందివి డీఎన్ఏ పరీక్ష చేసి 2024లో ఫలితం చెప్పారు. అందరూ మగపిల్లలే, అందులో ఇద్దరేసి కవలలు రెండు జతలు. చదివినప్పుడు నాకు చాలాసేపు ఇంకో పని తోచలేదు. బలి ఉండేది, అది దాచాల్సిన పని లేదు. కానీ అదే పరీక్షలో ఇంకొకటి తేలింది. దగ్గర్లో ఉన్న ఒక పల్లెలో ఈనాటి మాయా వాళ్ల రక్తంలో ఆ పిల్లల వంశపు ఆనవాళ్లు ఉన్నాయి. మాయా వాళ్లు అంతరించిపోయారని మీ బళ్లో ఎవరైనా చెప్తే ఈ మాట చెప్పండి. దక్షిణాన పెద్ద పట్నాలు కొన్ని 9వ శతాబ్దంలో ఖాళీ అయిన మాట నిజం. వరస కరువులు దానికి ఒక పెద్ద కారణం. మనుషులు మాత్రం ఎక్కడికీ పోలేదు. మీ వ్యాను నడిపే ఆయనా, సెనోటే దగ్గర టికెట్టు చింపే ఆవిడా ఇంటికెళ్లి మాట్లాడుకునేది మాయా భాషే కావచ్చు.

అక్కడి తిండి కూడా చూడండి. వేయించిన గుమ్మడి గింజలు, కాల్చిన టమాటాలు, మిరపకాయ కలిపి నూరి సికిల్ పాక్ అని పెడతారు. నాకైతే దాన్ని వేడన్నంలో కలుపుకోవాలనిపించింది. మనం రోజూ తినే మిరపకాయ ఆ దేశంలో పుట్టి, పోర్చుగీసు ఓడల్లో మన దగ్గరికి వచ్చిందే. సపోటా కూడా అక్కడిదే. శిథిలాల చుట్టూ ఉన్న పెద్ద చెట్లలో సపోటా చెట్లు చాలా ఉంటాయి. దాని చేవ ఎంత గట్టిదంటే మాయా గుళ్ల గుమ్మాలకి పైదూలాలుగా వేశారు, కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. బెరడు మీద వంకర గాట్లు కనపడితే అవి పాలు కారడానికి పెట్టినవి. ఆ పాలు ఉడికించే మొదట్లో ఈ కాలపు చూయింగ్ గమ్ తయారుచేశారు.

ఇప్పుడు ఈత. టూరు బస్సులు ఎక్కువగా ఆపేది ఇక్ కిల్ దగ్గర, చిచెన్ ఇట్జాకి చాలా దగ్గర్లో ఉంటుంది. రాతిలో చెక్కిన మెట్లు దిగుతుంటే పైనున్న చెట్ల వేళ్లు తాళ్లలాగా నీళ్లదాకా దిగి కనపడతాయి. నీళ్లలో మీసాల నల్ల చేపలు, మన జెల్లల జాతివి, కాళ్ల దగ్గరికొస్తాయి, ఏమీ చేయవు. మధ్యాహ్నం అక్కడ జనం మరీ ఎక్కువ. నా మాట వింటే ఎక్ బాలాం అనే ఇంకో పాత మాయా పట్నానికి తీసుకెళ్లమని అడగమని మీ నాన్నతో చెప్పండి. అక్కడ ఒక రాజు సమాధి ముందు సున్నంతో చేసిన భూతం నోరు, దాని పళ్లు, రెక్కల మనుషులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పక్కనే షకాంచే సెనోటే, అక్కడ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. నీలి ఆకుపచ్చల తోహ్ పిట్టని నేను గోడ కన్నాల దగ్గర చూశాను. దాని తోకలో రెండు ఈకలు పొడుగ్గా, మధ్యలో పుల్లలై, చివర మాత్రం కుచ్చుతో ఉంటాయి. కూర్చున్నచోటే తోకని గోడ గడియారం లోలకంలా అటూ ఇటూ ఊపుతుంది. అది సెనోటే గోడల్లో గూడు పెడుతుంది.

అమ్ములూ, నీ వయసు పిల్ల ఒకతె ఆ నీటి గుహల్లో దొరికింది. 2007లో తులుం దగ్గర ఓయో నేగ్రో అనే చీకటి గుంటలో డైవర్లకి ఆమె ఎముకలు కనపడ్డాయి. నయా అని పేరు పెట్టారు. పదిహేను, పదహారేళ్లు ఉంటాయి. చనిపోయి 12,000 ఏళ్లకి పైమాటే. అప్పట్లో సముద్రమట్టం తక్కువ, ఆ గుహలన్నీ పొడిగా ఉండేవి. లోపల తిరుగుతూ చీకట్లో పడిపోయింది. బహుశా తనూ నీళ్లు వెతుక్కుంటూనే వెళ్లి ఉంటుంది.

నీళ్లలోకి దిగేముందు స్నానం చేయమంటారు. విసుక్కోవద్దు. ఒంటికి రాసుకున్న సన్‌స్క్రీనూ దోమల మందూ ఆ నీళ్లలో కలిస్తే వడగట్టడానికి అక్కడ మట్టి లేదు. ఒకచోట పడింది కిలోమీటర్ల దూరం పోతుంది, పల్లెల్లో తాగే బావుల్లోకి చేరుతుంది. హోముం అనే ఊరి చుట్టూ సెనోటేలు చాలా ఉన్నాయి. అక్కడ దాదాపు 49,000 పందుల్ని పెంచే ఫారం కట్టారు. 2018లో ఆ ఊరి పిల్లల తరఫునే కోర్టులో కేసు వేశారు, మా నీళ్లు పాడైపోతాయని. ఫారం ఆపమని జడ్జి ఉత్తర్వు ఇచ్చారు. 2021లో అక్కడి సుప్రీంకోర్టు కూడా ఆ నిలుపుదలని సమర్థించింది. మీ ఈడు పిల్లలు చేసిన పని ఇది. తులుం వైపు మాయా రైలు అని కొత్తగా వేసిన రైలుమార్గం స్తంభాలు ఈ గుహల కప్పుల్లోంచి దింపారని డైవర్లు ఇంకా గొడవ పడుతూనే ఉన్నారు. మీ గైడు ఏమంటాడో అడగండి. పిరమిడ్ కొలతలు అందరూ అడుగుతారు, ఇంట్లో తాగే నీళ్లు ఎక్కడివని ఎవరూ అడగరు. మేం అడిగితే మా గైడు అప్పటిదాకా చెప్పిన పాఠం పక్కన పెట్టి, వాళ్ల నాయనమ్మ చేద వేసి నీళ్లు తోడే బావి గురించి చెప్పాడు.

కొన్ని జాగ్రత్తలు. కాంకూన్ కన్నా చిచెన్ ఇట్జాలో గడియారం గంట వెనక ఉంటుంది, ఫోను చూసి కంగారు పడకండి. దారి 200 కిలోమీటర్లు, తెల్లవారుజామునే బయల్దేరితే గేటు తీసేసరికి ఉంటారు, పదయ్యాక ఎండకి నిలబడలేరు. గేటు దగ్గర కేంద్ర ప్రభుత్వానికి ఒక టికెట్టు, రాష్ట్రానికి ఒక టికెట్టు, రెండూ కొనాలి, టూరు డబ్బుల్లో కలిసి ఉన్నాయో లేదో ముందే తేల్చుకోమని నాన్నతో చెప్పండి. ఈత ఎంత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే, అడుగు చాలా లోతు. వేళ్లు పట్టుకుని ఊగవద్దు. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు మెక్సికో వాళ్లకి కేంద్ర ప్రభుత్వపు టికెట్టు ఉచితం, కుటుంబాలు కుటుంబాలుగా వస్తారు. వాళ్ల ఊరు వాళ్లని చూడనివ్వండి, మీరు మంగళవారమో బుధవారమో వెళ్లండి.

ఉంటాను. అమ్మకీ నాన్నకీ మా ఆశీస్సులు చెప్పండి.

మీ అమ్మమ్మ