శత్రువును ప్రేమించమంటే దెబ్బలు ఓర్చుకోమని కాదు

"క్షమించానని చెప్పేశాక కేసు పెడితే క్రైస్తవురాలిగా నా సాక్ష్యం పోదా?" కాపురంలో దెబ్బలు తినే అక్కచెల్లెళ్ళు సంఘంలో మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది. పోదు తల్లీ, భయపడకు.

అపోహ: క్షమించినవాళ్ళు ఫిర్యాదు చేయకూడదు.

వాస్తవం: మత్తయి 5:44 శత్రువు కోసం ప్రార్థించమంది, అతని నేరాన్ని దాచమనలేదు. రోమా 12 చివర పగ తీర్చుకోవద్దన్న పౌలే, 13 మొదట్లో కీడు చేసేవాణ్ణి శిక్షించే పని అధికారులదని రాశాడు. ఫిలిప్పీ పట్టణంలో అధికారులు తనను విచారణ లేకుండా కొట్టించి, గుట్టుగా పంపేయబోతే పౌలు కదల్లేదు. అధికారులే వచ్చి బయటికి తీసుకెళ్ళాలన్నాడు (అపొ. కా. 16:37).

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు కొడుకులను సజీవ దహనం చేశారు. హంతకులను క్షమించానని ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ అందరి ముందూ చెప్పారు. కేసు మాత్రం ఆగలేదు. ప్రధాన దోషి దారాసింగ్ యావజ్జీవ శిక్షను సుప్రీంకోర్టు 2011లో ఖరారు చేసింది. దానివల్ల ఆమె క్షమ విలువ తగ్గిందా?

పెద్దల దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెడతారు. అతను ఏడుస్తాడు. చేతులు కలిపించి, ప్రార్థన చేసి, ఆ సాయంత్రమే ఆమెను పంపేస్తారు. ఇంటి గుట్టు బయటపెట్టిందన్న కోపంతో మళ్ళీ దెబ్బలు. భర్త ఎదుట ఆమె నిజం చెప్పలేకపోతుందని గ్రహించండి. ముందు ఆమెతో విడిగా, స్త్రీల చేత మాట్లాడించండి. ప్రాణభయం ఉంటే అత్యవసర నంబరు 112కి, సలహాకైతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి. గాయాలుంటే ప్రభుత్వాసుపత్రిలో ఎలా తగిలాయో ఉన్నదున్నట్టు చెప్పి, మెడికో లీగల్ కేసుగా (పోలీసు కేసుకు పనికొచ్చే వైద్య రికార్డుగా) రాయించాలి. "మెట్ల మీద పడ్డాను" అన్నారంటే ఆ కాగితమే రేపు ఆమెకు అడ్డొస్తుంది. హింసకు గురైన మహిళల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో తాత్కాలిక వసతి, న్యాయ సలహా దొరుకుతాయి.

2005 గృహహింస చట్టం కింద దరఖాస్తు పెట్టగానే భర్తను జైల్లో వేస్తారని భయపెడతారు. అది పుకారు. ఆమె కోరేది రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు. రక్షణ ఉత్తర్వును మీరితే అప్పుడది నేరం. లాయర్ ఫీజు లేదనుకోవద్దు, మహిళలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది.

క్షమించడానికి ఆమె ఒక్కతే చాలు. సమాధానపడటానికి అతని మారుమనస్సు కావాలి (లూకా 17:3). కన్నీళ్ళు చాలవు. తప్పును "కానీ" లేకుండా ఒప్పుకున్నాడా, తాగుడు మానాడా, జీతం ఇంటికిస్తున్నాడా అని నెలల తరబడి చూడాలి. కలిసి ఉండాలా వద్దా అన్న మాట ఆమె నోటినుంచే రావాలి.

సంఘంలో అడిగే మిగతా ప్రశ్నలు క్లుప్తంగా. శత్రువు మీద ఇష్టం పుట్టేదాకా ఆగాలా? అక్కర్లేదు. తప్పిపోయిన అతని ఎద్దును తోలుకెళ్ళి అప్పగించమంది నిర్గమ 23:4, మనసు కరిగాక అనలేదు. వేరే మతం వాళ్ళింట్లో భోంచేస్తే విశ్వాసం చెడుతుందా? చెడదు, పిలిస్తే వెళ్ళండి. ఆపదలో సాయం చేసేటప్పుడు బియ్యం సంచితో సువార్త కరపత్రం ఇవ్వకండి, ఆకలితో ఉన్నవాడు వద్దనలేడు. మన సంఘంలోనే వేరే కులం వాళ్ళకు పిల్లనివ్వని పెద్దలు, మనుషుల మధ్య అడ్డుగోడను క్రీస్తు పడగొట్టాడన్న ఎఫెసీ 2:14 మళ్ళీ చదవాలి.